మూట కట్టే ముందు

ఇల్లు మారే ముందు చేయాల్సిన పనుల్లో మొదటిది సామాన్ల వడపోత. ఇంట్లోని ప్రతి వస్తువునూ ఒకసారి చేతిలోకి తీసుకుని, కొత్త ఇంటికి వెళ్లేవేవో, మరొకరికి చేరాల్సినవేవో, గుజిరీ అంగడికి పోయేవేవో, చెత్తబండి ఎక్కేవేవో తేల్చుకోవాలి. లారీ గుమ్మం ముందు ఆగాక దీనికి వ్యవధి ఉండదు. అప్పుడు చేతికందిన ప్రతిదీ మూటలోకి పోతుంది. పదేళ్లుగా అటక మీద కదలని డబ్బా కూడా కిరాయి కట్టించుకుని కొత్త అటక ఎక్కుతుంది.

తిరుచానూరు లాంటి ఊళ్లో ఈ పని అవసరం ఇంకా ఎక్కువ. తిరుపతికి ఐదు కిలోమీటర్ల దూరంలో, పద్మావతి అమ్మవారి ఆలయం చుట్టూ పెరిగిన ఊరిది. పాతకాలపు ఇళ్లలో అటకలు, సామాన్ల గది, పెరడు, మిద్దె మీద ఖాళీ ఉండేవి. పనికిరానిది కూడా ఎక్కడో ఒకచోట ఒదిగిపోయేది. ఇప్పుడు జనం అపార్ట్‌మెంట్లకు మారుతున్నారు. పట్టణ పేదల కోసం కట్టే టిడ్కో ఇళ్లయితే 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లోనే ఉంటాయి. మూడు తరాలు కూడబెట్టిన సామాను అంత చోటులో పట్టదు. ఏది వెంట రావాలో ముందే తేల్చుకోకపోతే కొత్త ఇల్లు మొదటి రోజే ఇరుకవుతుంది.

గుడిలో ఉన్న పద్ధతి

ఈ పనికి మంచి నమూనా ఊళ్లోనే ఉంది. కార్తీక బ్రహ్మోత్సవాలు, ఉగాది లాంటి సందర్భాలకు ముందు తిరుచానూరు ఆలయంలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం అనే ఆలయ శుద్ధి జరుగుతుంది. తిరుమలలో ఇది ఏడాదికి నాలుగుసార్లు: ఉగాది, ఆణివార ఆస్థానం, వార్షిక బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వీటికి ముందు వచ్చే మంగళవారం నాడు. గర్భాలయంలోని పూజా సామగ్రిని బయటికి తెస్తారు. మూలమూర్తిని వస్త్రంతో కప్పి, గోడలు, పైకప్పు, నేల అంతా నీళ్లతో కడుగుతారు. నామకోపు, శ్రీచూర్ణం, గడ్డకర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలిగడ్డ కలిపిన పరిమళ జలం చల్లుతారు. ఆ తరవాతే సామగ్రి తిరిగి లోపలికి వెళుతుంది. ముందు ఖాళీ చేయడం, తరవాత శుభ్రం చేయడం, చివర ఎక్కడిది అక్కడ పెట్టడం. ఇంటి అలమరాకైనా ఇదే వరస. వస్తువులను అలమరాలోనే అటూ ఇటూ జరిపితే వడపోత జరగదు. అంతా నేల మీదికి దించితేనే ఏముందో కంటికి కనిపిస్తుంది.

వచ్చినదాన్ని విడదీయడం, పని తీరినదాన్ని సాగనంపడం కూడా తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ)లో చూడవచ్చు. తిరుమల హుండీ కానుకలను పరకామణిలో నోట్లు, చిల్లర, బంగారం, వెండి, విదేశీ డబ్బు అని వేరుచేసి లెక్కిస్తారు. భక్తులు సమర్పించిన వస్త్రాలను, వాచీలను, సెల్‌ఫోన్లను టీటీడీ ఈ-వేలం ద్వారా అమ్ముతుంది. స్వామి సేవలో వాడిన పూలతో తయారైన ఏడు రకాల అగరబత్తులు 2021 సెప్టెంబరులో అమ్మకానికి వచ్చాయి. సేవ ముగిసిన పువ్వుకు కూడా మరో చోటు చూపించారు. ఇంటి వడపోతకు కూడా ఇదే గీటురాయి కావాలి: పనిలేని వస్తువును పనికొచ్చే చోటికి చేర్చడం.

ఎప్పుడు మొదలుపెట్టాలి

తెలుగువారి గృహప్రవేశాలు ముహూర్తాల మీద నడుస్తాయి. ఆషాఢం, పుష్యం లాంటి శూన్యమాసాల్లో కొత్త ఇంట్లో కాలు పెట్టరు. ఆషాఢం దాటగానే శ్రావణంలో, పుష్యం దాటగానే మాఘంలో ముహూర్తాల తొక్కిడి మొదలవుతుంది. కాబట్టి ముహూర్తాలు లేని ఆ నెలే వడపోతకు అనువైన నెల. మాఘంలో ఇల్లు మారేవారికి భోగి పండుగ మరీ కలిసొస్తుంది. పాత వస్తువులు వదిలించుకోవడం ఆ పండుగ ఆచారంలోనే ఉంది. అయితే భోగి మంటలో పిడకలు, ఎండు కట్టెలే వేయాలి. ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, రెగ్జిన్ సంచులు, రంగు వేసిన చెక్క కాలిస్తే వచ్చే పొగ మంట చుట్టూ చేరిన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

అద్దె ఇల్లు మారేవారికి అంత వ్యవధి దొరకదు. నెల రోజులైనా ముందు మొదలుపెట్టి, రోజుకు గంట చొప్పున ఒక్కో అలమరా చూసుకుంటే పని సాగుతుంది. ఒక్క ఆదివారంలో ఇల్లంతా తేల్చేయాలనుకుంటే మధ్యాహ్నానికే ఓపిక అయిపోతుంది. సాయంత్రానికి నేల మీది కుప్పలన్నీ తిరిగి అలమరాల్లోకే చేరుతాయి.

కొలత, కుప్పలు

మొదటి పనిముట్టు టేపు. కొత్త ఇంటి గుమ్మాల వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి కొలత, బీరువా నిలిపే గోడ పొడవు రాసుకోవాలి. పాత ఇంట్లోని మంచం, బీరువా, సోఫా, డైనింగ్ టేబుల్ కొలతలు పక్కనే వేసుకోవాలి. పట్టనివి ఏవో కాగితం మీదే తేలిపోతాయి. చిన్న సామాన్లు చేరవేసే టాటా ఏస్ లాంటి బండి మోసేది సుమారు 750 కిలోలు. ఇనుప బీరువా, పరుపులు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఎక్కేసరికే బండి సగం నిండిపోతుంది. అక్కర్లేని సామాను రెండో ట్రిప్పు కిరాయిగా, అదనపు కూలిగా మారుతుంది.

తరవాత కుప్పలు. వెంట తీసుకెళ్లేవి, ఇచ్చేవి, అమ్మేవి, పారేసేవి అని నాలుగు చాలు. వీటికి తోడు అడిగి తేల్చాల్సినవి అని ఒక ఐదో కుప్ప ఉండాలి. అత్తగారి ఇత్తడి బిందె, వేరే ఊళ్లో చదువుకుంటున్న అబ్బాయి పుస్తకాలు, పెళ్లయి వెళ్లిన అమ్మాయి బొమ్మల పెట్టె ఇందులోకి వస్తాయి. ఒకరి వస్తువును మరొకరు తేల్చేయడం వల్లే ఇల్లు మారేటప్పుడు ఇళ్లలో మనస్పర్థలు వస్తాయి. ఫోన్‌లో ఫొటో పంపి, ఫలానా తేదీలోగా చెప్పమని అడిగితే మాట రాదు.

తమ వస్తువు వదలడానికి చేయి రాకపోవడం మనిషికి సహజం. పరిశోధకులు డేనియల్ కానమన్, జాక్ క్నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి కప్పులు ఇచ్చి అమ్మమన్నారు. చేతిలో కప్పు ఉన్నవాళ్లు అడిగిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు. తమదైపోయిన క్షణం నుంచే వస్తువు విలువ మనసులో పెరుగుతుంది. ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అనే మాట వెనక ఉన్నది ఇదే. ఆ మాట నోటికొచ్చినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఇంట్లో లేకపోతే ఇప్పుడు డబ్బు పెట్టి కొంటామా? కొనబోమని తేలితే అది వెంట రానక్కర్లేదు.

జపాన్‌కు చెందిన మేరీ కోండో తన పుస్తకాలతో ప్రపంచమంతా ప్రచారం చేసిన పద్ధతి కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. గది గదికీ కాకుండా, రకం రకానికీ సర్దమంటారు ఆమె. ఇంట్లోని దుప్పట్లన్నీ ఒకచోట పోస్తేనే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. జ్ఞాపకాలతో ముడిపడినవి చివర చూడాలన్నది కూడా ఆమె చెప్పే సూత్రమే. ఫొటోల ఆల్బమ్‌తో మొదలుపెడితే ఆ రోజు పని అక్కడే ఆగిపోతుంది.

వంటిల్లు

తెలుగింట్లో బరువంతా వంటింట్లో ఉంటుంది. పెళ్లిళ్లు, గృహప్రవేశాల్లో చదివించిన స్టీలు గిన్నెలు, చెంబులు, పళ్లేలు డజన్ల కొద్దీ పోగవుతాయి. వాటి అంచున ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కి ఉంటాయి కాబట్టి వదలబుద్ధి కాదు. ఇచ్చినవారి గుర్తుగా ఒక్కటి ఉంచుకుని, మిగతావి కొత్తగా కాపురం పెట్టేవారికి ఇస్తే ఆ గిన్నెల్లో వంట జరుగుతుంది. అటక మీద ఉన్నంతకాలం అవి ఇచ్చినవారిని కూడా ఎవరూ తలచుకోరు.

ఇత్తడి, రాగి సామాను సంగతి వేరు. ఒక్కో గుండిగను వెలుతురులోకి తెచ్చి లోపలి వైపు చూడాలి. వెండిలా తెల్లగా మెరుస్తుంటే కళాయి ఉన్నట్టు. అడుగున, అంచుల్లో పసుప్పచ్చని ఇత్తడి బయటపడితే తగరం పూత పోయినట్టు. అలాంటి పాత్రలో చింతపండు పులుసు, మజ్జిగ లాంటి పుల్లనివి ఉంచితే లోహం కరిగి తిండిలో కలుస్తుంది. వాడుకోవాలనుకుంటే కళాయి పూయించాలి. వాడేది లేదనుకుంటే అమ్మేయవచ్చు. ఇత్తడికి, రాగికి ఇనుముకంటే ఎన్నో రెట్ల ధర పలుకుతుంది. కాబట్టి వాటిని ఇనుప తుక్కులో కలపకుండా, ఇంట్లోనే తూకం వేసుకుని, ఒకటికి రెండు అంగళ్లలో ధర కనుక్కోవాలి.

రోలు, ఇసుర్రాయి పై అంతస్తుల ఇళ్లకు మోయడం కష్టం. పెళ్లి పసుపు దంచిన రోలును వీధిలో వదిలేయడానికి ఏ ఇల్లాలికీ మనసొప్పదు. ఊళ్లో పెరడున్న బంధువుల ఇంటికి, పల్లెలోని సొంతింటికి చేర్చడమే వాటికి మర్యాద. అంటుకోని పూత పెచ్చులూడిన పెనాలు, మూత సరిగా పడని కుక్కర్లు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. తమకు ప్రమాదమైనది ఎదుటివారికీ ప్రమాదమే.

బియ్యం, పప్పులు, నూనెలు నెల ముందు నుంచే కొనడం తగ్గించి, ఉన్నవి వాడేయాలి. ఊరగాయ జాడీలకు మూతి మీద శుభ్రమైన గుడ్డ కట్టి, లారీలో కాకుండా మనుషులతోపాటు తీసుకెళ్లడం మేలు.

బట్టలు

తాంబూలాల్లో వచ్చిన రవిక గుడ్డలు లేని బీరువా ఉండదు. వాటిని రంగుల వారీగా మడిచి ఒక సంచిలో పెడితే, రాబోయే వరలక్ష్మీ వ్రతానికో, గృహప్రవేశ తాంబూలాలకో సరిపోతాయి. కట్టని పట్టుచీరలను మడతలు విప్పి చూడాలి. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉన్న పట్టు ఆ గీత వెంట చిట్లిపోతుంది. చిట్లిన చీరలోనూ అసలు జరీ అయితే వెండి ఉంటుంది. పాత పట్టుచీరలు కొంటామని వీధిలోకి వచ్చినవారికి వెంటనే ఇవ్వకుండా, జరీ పరీక్ష చేయించుకున్నాక బేరమాడాలి.

పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవారి దగ్గర మార్పిడి సులువే. కానీ బట్టల మూట ఇచ్చి మళ్లీ గిన్నెలు తెచ్చుకుంటే వడపోత వెనక్కి నడిచినట్టే. తొడుక్కోదగినవి ఉతికి, గుండీలు కుట్టి, మడిచి ఇవ్వాలి. చిరిగిన నూలు చీరలు బొంతలకు పనికొస్తాయి. ఇల్లు మారేటప్పుడు గాజు సామాన్లకు చుట్టడానికి అంతకంటే మంచివి లేవు.

కాగితాలు

వడపోతలో తొందర పనికిరాని చోటు ఇది. ఇంటి, పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజులు, వాటి పాత లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకాలు, మార్కుల జాబితాలు, పుట్టుక, పెళ్లి, మరణ ధ్రువపత్రాలు, పెన్షన్ ఉత్తర్వులు, బీమా బాండ్లు ఎన్నటికీ పారేయకూడదు. వీటన్నిటినీ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచిని ఇంటి పెద్దలు చేతపట్టుకుని తీసుకెళ్లాలి. గడువు ముగిసిన కరెంటు బిల్లులు, పాత వారంటీ కార్డులు, పత్రికల కట్టలు కాగితాల తుక్కులోకి పోవచ్చు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలున్నవి మాత్రం ముక్కలుగా చించాకే వేయాలి.

పాత పెట్టెల్లో ఎవరూ గుర్తుపెట్టుకోని బ్యాంకు పాసుపుస్తకాలు బయటపడతాయి. పదేళ్లుగా లావాదేవీలు లేని ఖాతాల్లోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి వెళుతుంది. అయినా ఖాతాదారుకు, వారసులకు దానిపై హక్కు పోదు. వివిధ బ్యాంకుల్లో అలా మిగిలిన సొమ్మును వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ పోర్టల్‌ను తెచ్చింది. చీరల మడతల్లో 2,000 రూపాయల నోటు దొరికితే అది చెల్లని కాగితమేమీ కాదు. ఆ నోట్లను 2023 మే 19న చలామణి నుంచి వెనక్కి తీసుకున్నా చట్టబద్ధత పోలేదు. మామూలు బ్యాంకులు తీసుకోవు గానీ చెన్నై, హైదరాబాద్ లాంటి చోట్ల ఉన్న రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుల్లో ఖాతాకు జమ చేయించుకోవచ్చు. తపాలా ద్వారా కూడా పంపవచ్చు. 2016 నవంబరులో రద్దయిన పాత 500, 1,000 నోట్లకు మాత్రం ఇక విలువ లేదు.

తాటాకు కట్ట కనిపిస్తే ఆగాలి. అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో శతాబ్దాలు అలాగే ఉండిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితుల పరిష్కరణ వల్ల అవి జనానికి అందాయి. వాటిని ఎవరైనా పాత రాగిగా తూకానికి వేసి ఉంటే తెలుగు సాహిత్యం ఏం పోగొట్టుకునేదో ఊహించుకోవచ్చు. తిరుపతిలో 1939లో టీటీడీ నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థ తరవాత శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భాగమైంది. తాళపత్రాల సేకరణ, ప్రచురణ అక్కడి పని. చదవడం రాని తాటాకు కట్టను అలాంటి చోట చూపించి తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాలు, కళాఖండాలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువులే. వాటిని తోచినట్టు అమ్మేయకూడదు.

దేవుడి గూడు

తిరుపతి చుట్టుపక్కల ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన వడపోత దేవుడి పటాలది. ఏటా వచ్చే టీటీడీ క్యాలెండర్లు, బంధువులు ఇచ్చిన పటాలు, యాత్రల్లో కొన్న ప్రతిమలు గోడ నిండిపోయేదాకా చేరతాయి. అద్దం పగిలిన పటం ఇంట్లో ఉంచరు. చెత్తలో వేయడానికి చేతులు రావు. చివరికి అవి రావిచెట్ల మొదట్లో, చెరువు గట్లలో ఎండకు ఎండి, వానకు తడిసి, పశువుల కాళ్ల కింద పడతాయి. అది భక్తి అనిపించుకోదు. పుష్కరిణిలోనో, స్వర్ణముఖి నదిలోనో వదలడం ఇంకా తప్పు.

పటాన్ని ఇంట్లోనే విప్పవచ్చు. వెనక్కి తిప్పి, అట్టను పట్టి ఉంచిన చిన్న మేకులను పట్టకారుతో లాగితే అట్ట, బొమ్మ, అద్దం వేరవుతాయి. బొమ్మ బాగుంటే చిన్న ఫ్రేములో మళ్లీ కట్టించుకోవచ్చు. బాగా చిరిగిపోయిన కాగితపు బొమ్మను నమస్కరించి బకెట్ నీళ్లలో నానబెడితే గుజ్జవుతుంది. ఆ గుజ్జును పెరట్లో మొక్క మొదట్లో పూడ్చవచ్చు. ప్లాస్టిక్ పూత ఉన్నవి నీళ్లలో కరగవు కాబట్టి ఆ పొరను ముందే తీసేయాలి. మట్టి ప్రతిమలకూ ఇంటి బకెట్లోనే నిమజ్జనం చేయవచ్చు. అద్దాన్ని దళసరి కాగితంలో చుట్టి, పైన ‘గాజు’ అని రాసి ఇవ్వాలి. చెత్త ఎత్తే కార్మికుల చేతులు కోసుకుపోకుండా చూడటం ఇంటివారి బాధ్యత. లోహ విగ్రహాలను గుడికి ఇవ్వాలనుకుంటే అర్చకులను ముందుగా అడగాలి. చెప్పకుండా గుడి మెట్ల మీద వదిలి రాకూడదు.

బొమ్మల కొలువు పెట్టెను మాత్రం అలాగే ఉంచుకోవాలి. దసరాకు తప్ప బయటికి రాదని దాన్ని తీసేస్తే, అమ్మమ్మల నాటి చెక్కబొమ్మల జంట మళ్లీ దొరకదు. ఏడాదికి ఒక్కసారే వాడినా, ఆ ఒక్కసారి ఇంటిల్లిపాదీ చేరే వస్తువుకు కొత్త ఇంట్లో చోటు ఉండాల్సిందే.

మందులు, కరెంటు వస్తువులు

గడువు తీరిన మందులు, పాదరసం థర్మామీటర్లు, ట్యూబులైట్లు, పురుగుమందు డబ్బాలు, రంగుల డబ్బాలు ఇంటి ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయి. తడి, పొడి చెత్తతో కలపకుండా వీటిని వేరే సంచిలో ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. చెత్త ఎత్తేవారికి సంచి చేతికిస్తూ అందులో ఏముందో నోటితో చెప్పడం ఇంకా మంచిది.

చెడిపోయిన ఫోన్లు, ఛార్జర్లు, మిక్సీలు, టీవీలు ఎలక్ట్రానిక్ వ్యర్థాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, వీటిని రిజిస్టర్డ్ రీసైక్లర్ల ద్వారా శుద్ధి చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. తీగలోని రాగి కోసం వీటిని తగలబెడితే విషవాయువులు వస్తాయి. కాబట్టి కాల్చి లోహం తీసేవారి చేతికి ఇవ్వకూడదు. ఫోన్ ఇచ్చే ముందు ఫొటోలు దాచుకుని, ఖాతాల నుంచి బయటికి వచ్చి, లోపలి సమాచారమంతా తుడిచేయాలి. సిమ్, మెమరీ కార్డు తీశారో లేదో చూసుకోవాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకుండా, ఎండ తగలకుండా విడిగా ఉంచాలి.

చివరి వారం

వస్తువులతోపాటు చిరునామా కూడా మారాలి. గ్యాస్ కనెక్షన్ అదే ఏజెన్సీ పరిధిలో ఉంటే చిరునామా మార్పించుకుంటే చాలు. వేరే ఊరైతే సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, బదిలీ పత్రం అడగాలి. తిరుపతి కేంద్రంగా పనిచేసే విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ సర్వీస్ నంబరు మీద చివరి రీడింగు తీయించి, బిల్లు కట్టేసి రసీదు ఉంచుకోవాలి. ఓటరు చిరునామా మార్పుకు ఫారం 8 పెట్టాలి. ఆధార్, బ్యాంకు, బీమా చిరునామాలు ఆ తరవాత.

మిగిలిన సామాన్లు పెట్టెల్లోకి వెళ్లేటప్పుడు పుస్తకాలు చిన్న పెట్టెల్లో, దిండ్లు, దుప్పట్లు పెద్ద పెట్టెల్లో పెట్టాలి. ప్రతి పెట్టె మీద అంకె వేసి, ఏ గదిలో దించాలో రాయాలి. లోపలున్నవాటి జాబితా నోటు పుస్తకంలో ఉండాలి. ఫ్రిజ్‌ను ముందు రోజే ఖాళీ చేసి, ఐసు కరగనిచ్చి, తుడిచి ఆరబెట్టాలి. కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే కావాల్సినవి విడిగా ఒక పెట్టెలో ఉండాలి: పసుపు, కుంకుమ, దీపపు కుందులు, నూనె, వత్తులు, అగ్గిపెట్టె, పాలు పొంగించే గిన్నె, బియ్యం, ఉప్పు, బెల్లం, రోజూ వేసుకునే మందులు, ఫోన్ ఛార్జర్లు, ఒక జత బట్టలు.

కొత్త ఇంట్లో ఆరు నెలలు గడిచాక కూడా తెరవని పెట్టె ఏదైనా మిగిలితే, నోటు పుస్తకంలో దాని అంకె పక్కన రాసినవి చదివితే చాలు. దస్తావేజులు, పండుగ సామాను తప్ప ఆ పెట్టెలో ఉన్నవాటిలో చాలామటుకు ఇవ్వాల్సిన కుప్పలోవే. వాటిని అవసరమున్నవారికి చేర్చడంతో ఇల్లు మారే పని పూర్తవుతుంది.